సైన్స్ చదువుతూ ఇంగ్లిష్ నేర్చుకోవడం: హైస్కూలు పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది 8, 9, 10 తరగతుల పిల్లల కోసం. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి మధ్యలో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్లు, ఇంగ్లిష్ మీడియంలోనే ఉన్నా పుస్తకం అర్థం కాక గైడ్లు బట్టీ పడుతున్నవాళ్లు మా దృష్టిలో ఉన్నారు. ఇంగ్లిష్ మాటల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే ఇచ్చాం. పక్కన సైన్స్ పుస్తకం తెరిచి పెట్టుకుని, అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా ఉందో వెతికి పట్టుకుంటూ చదవండి. ఆ వెతుకులాట కూడా సాధనే.

ఇంగ్లిష్ కోసం సైన్స్ ఎందుకు చదవాలి? కథలు చదివితే రాదా?

వస్తుంది. కథలు మానమని మేం ఎవరికీ చెప్పం. అయితే హైస్కూలు పిల్లలకు సైన్స్‌లో ఒక సౌకర్యం ఉంది. విషయం సగం ముందే తెలిసి ఉంటుంది. తడి బట్ట ఎండలో త్వరగా ఆరుతుందనీ, కుండలో నీళ్లు చల్లగా ఉంటాయనీ, దోసెల పిండి రాత్రికి పులుస్తుందనీ ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసిన సంగతినే ఇంగ్లిష్‌లో చదివితే మనసు పూర్తిగా భాష మీద పెట్టవచ్చు. తెలియని విషయాన్ని, తెలియని భాషలో, ఒకేసారి మింగబోతేనే గొంతుకు అడ్డం పడుతుంది. ఈ పేజీలో చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: ముందు విషయం తెలుగులో తెలియాలి, తర్వాత ఇంగ్లిష్.

ఇంకో సౌకర్యం, సైన్స్ పుస్తకంలో మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. కథలో ‘గ్లూమీ’ ఒకసారి కనబడి మాయమవుతుంది. ఉష్ణం పాఠంలో ‘టెంపరేచర్’, ‘ఇన్‌క్రీజ్’, ‘ట్రాన్స్‌ఫర్’ ప్రతి పేజీలోనూ ఎదురవుతాయి. పదిసార్లు కనబడ్డ మాట దానంతటదే మనదవుతుంది.

ఇంగ్లిష్‌ను చదవడంతోనే మొదలుపెట్టాలన్న ఆలోచన మన ఉపఖండంలో కొత్తదేమీ కాదు. 1920లలో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు మాట్లాడటం కన్నా ముందు చదవడం నేర్పాలని వాదించారు. కొత్త మాటల్ని ఒక్కసారిగా కుమ్మరించకుండా కొన్ని కొన్నిగా ఇచ్చే పుస్తకాలు తయారుచేశారు.

తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆరో తరగతి పుస్తకం చదవడం నామోషీ కాదా?

కాదు. అక్కడే మొదలుపెట్టాలి. ఆరో తరగతి సైన్స్ విషయాలన్నీ అతనికి తెలుసు, కొత్తగా వచ్చేది భాష ఒక్కటే. ఆరు, ఏడు తరగతుల పుస్తకాల్లోంచి తెలిసిన పాఠాలు నాలుగైదు పూర్తిచేశాక ఎనిమిదికి వెళ్లవచ్చు. పిల్లవాడు సిగ్గుపడితే పుస్తకానికి అట్ట వేయండి, తరగతి సంఖ్య కనబడదు.

ఒక పాఠం నా స్థాయికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

పేజీలో ఎక్కడైనా వేలు పెట్టి అక్కడినుంచి 100 మాటలు లెక్కపెట్టండి. అర్థం తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టండి.

2 లేదా 3 గీతలుంటే ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవచ్చు. పరిశోధకులు కూడా, ఒంటరిగా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి సుమారు 98 మాటలు తెలిసి ఉండాలంటారు. 4 నుంచి 8 దాకా ఉంటే అది నేర్చుకునే పాఠం. టీచర్ గానీ డిక్షనరీ గానీ పక్కన ఉండాలి. 10 దాటితే ఆ పాఠాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి, లేదా ముందు దాన్ని తెలుగులో చదివి రండి.

చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘క్లోరోఫిల్’, ‘మైటోకాండ్రియా’ లాంటి పేర్ల కింద గీత పెట్టి, ‘హౌఎవర్’, ‘అన్‌లెస్’, ‘డ్యూ టు’ లాంటి వాటిని తెలిసినవే కదా అని వదిలేస్తారు. నిజానికి వాక్యం బోల్తా కొట్టేది ఆ చిన్న మాటల దగ్గరే. వాటిని కూడా నిజాయితీగా లెక్కపెట్టండి.

సరే, ఒక పేరాను ఎలా చదవాలి? పద్ధతి చెప్పండి.

రోజుకు 30 నిమిషాలు, ఒకే ఒక్క పేరా, 80 నుంచి 120 మాటలు. అంతకన్నా ఎక్కువ వద్దు. ఇక్కడ చూపడానికి చిన్న పేరా తీసుకుందాం. ఇందులో 31 మాటలున్నాయి:

‘ఎ క్లే పాట్ హాజ్ మెనీ టైనీ పోర్స్. సమ్ వాటర్ సీప్స్ త్రూ దీజ్ పోర్స్ అండ్ ఎవాపరేట్స్ ఫ్రమ్ ది ఔటర్ సర్ఫేస్. ఎవాపరేషన్ టేక్స్ హీట్ ఫ్రమ్ ది పాట్. దేర్‌ఫోర్, ది వాటర్ ఇన్‌సైడ్ బికమ్స్ కూల్.’

మొదటి 5 నిమిషాలు పుస్తకం మూసే ఉంచండి. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలిసింది తెలుగులో రెండు వాక్యాలు చెప్పుకోండి. తప్పయినా ఫరవాలేదు. ఇక చదవబోయే ప్రతి వాక్యమూ మీ జవాబుతో సరిపోతుందా లేదా అని మనసు వెతుకుతుంది.

తర్వాత 5 నిమిషాలు ఎక్కడా ఆగకుండా ఒకసారి చదవండి. డిక్షనరీ ముట్టుకోవద్దు.

తర్వాతి 10 నిమిషాలు నెమ్మదిగా, వాక్యం వాక్యంగా. మొదటి వాక్యంలో ‘ఎ క్లే పాట్’ అన్నారు, మూడో వాక్యానికి అది ‘ది పాట్’ అయింది. ఏదో ఒక కుండ కాస్తా మనం మాట్లాడుకుంటున్న ఆ కుండ అయింది. ‘ఎ’, ‘ది’ల గురించి వ్యాకరణ పుస్తకం పది పేజీల్లో చెప్పేది ఇక్కడ కళ్లెదుట కనబడుతుంది. ‘దీజ్ పోర్స్’ అంటే ఏ రంధ్రాలు? పై వాక్యంలో చెప్పినవే. అక్కడి నుంచి ఇక్కడికి పెన్సిల్‌తో బాణం గీయండి. రెండో వాక్యంలో ‘ఎవాపరేట్స్’ అనే క్రియ ఉంది, మూడో వాక్యానికి అదే ‘ఎవాపరేషన్’ అనే నామవాచకమై కర్త స్థానంలో కూర్చుంది. ఆవిరవుతుంది, ఆవిరవడం. సైన్స్ ఇంగ్లిష్ నడకే ఇది: ఒక వాక్యంలో పని జరుగుతుంది, తర్వాతి వాక్యంలో ఆ పనికి పేరు పెట్టి దాని మీద ఇంకో మాట చెబుతారు. ఇది పట్టుబడితే పదో తరగతి పుస్తకం దాకా దారి సులువవుతుంది.

మిగిలిన 10 నిమిషాలు పుస్తకం మూసి రాయండి. రెండు వాక్యాలు చాలు, ఇంగ్లిష్‌లో. ఒకటి, పేరా చెప్పినది. రెండోది, పేరాలో లేని ప్రశ్నకు జవాబు. ఉదాహరణకు, ఉక్కపోతగా ఉన్న రోజు కుండ నీళ్లు ఎందుకు అంతగా చల్లబడవు? ‘బికాజ్’ వాడి రాయాలి. గాలిలో అప్పటికే తేమ ఎక్కువ, అందుకే ఆవిరవడం మందగిస్తుంది. తప్పులు వస్తాయి, రానివ్వండి. మర్నాడు పేరాను మళ్లీ ఒకసారి చదివి ఆ తప్పుల్ని మీరే దిద్దుకోండి.

కొత్త మాట కనబడ్డ ప్రతిసారీ డిక్షనరీ చూడాలా?

వద్దు. పేరాకు మూడు మాటలకు మించి చూడకూడదని నియమం పెట్టుకోండి. ఏ మూడు? రెండుసార్ల కన్నా ఎక్కువ వచ్చినవి, లేదా అవి తెలియకపోతే వాక్యమే ముందుకు సాగనివి. మిగతావాటికి చుట్టుపక్కల వాక్యాలను బట్టి ఊహించి అంచులో ప్రశ్నార్థకం పెట్టండి. పై పేరాలో ‘సీప్స్’ తెలియకపోయినా, సన్న రంధ్రాల గుండా నీళ్లు చేసే పని ఊరడమేనని ఎవరైనా పట్టుకోగలరు.

నోటుబుక్కులో రోజుకు 5 మాటలు చాలు. మాట, దాని తెలుగు అర్థం అని రెండు వరుసల్లో రాసే పద్ధతి వల్ల లాభం తక్కువ. మాట కనబడ్డ పూర్తి వాక్యాన్ని రాయండి. పక్కన దాని కుటుంబాన్ని రాయండి: ‘అబ్జార్బ్, అబ్జార్ప్షన్, అబ్జార్బెంట్’. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఒకసారి తిప్పి చూడండి. ఒక్కరోజే 40 మాటలు రాసి మళ్లీ తెరవని నోటుబుక్కు బరువు తప్ప ఇంకేం ఇవ్వదు.

ఏ మాటలు ముందు నేర్చుకోవాలంటే, సైన్స్ పేర్లకన్నా అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే మాటలు: ‘ఇండికేట్’, ‘సిగ్నిఫికెంట్’, ‘డిరైవ్’, ‘కాన్‌స్టంట్’, ‘ప్రాసెస్’, ‘ఫ్యాక్టర్’. ఇలాంటివాటితో 2000 సంవత్సరంలో భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ అనే జాబితా తయారుచేశారు, అందులో 570 పదకుటుంబాలున్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జాబితాను బట్టీపట్టకండి. మీరు చదివిన పేరాలో వచ్చిన మాట అందులో ఉందేమో చూసి టిక్కు పెట్టుకోండి.

అన్నీ తెలిసిన మాటలే, అయినా వాక్యం అర్థం కాదు. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం, రోజూ వాడే మాట సైన్స్‌లోకి వచ్చి వేరే అర్థం తొడుక్కోవడం. తెలుగువాళ్లకు ఇందులో రెట్టింపు చిక్కుంది. ఈ మాటలు చాలావరకు మన తెలుగులోకి ముందే వచ్చేసి, ఇక్కడ ఇంకో అర్థంతో స్థిరపడ్డాయి.

‘కరెంట్ పోయింది’, ‘కరెంటు బిల్లు’ అంటాం. భౌతికశాస్త్రంలో ‘కరెంట్’ అంటే ఒక సెకనులో తీగ గుండా సాగే ఆవేశం, ఆంపియర్లలో కొలుస్తారు. మన బిల్లులో ఉండే యూనిట్లు కరెంటును కొలవవు, శక్తిని కొలుస్తాయి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్. ‘పవర్ కట్’లో పవర్ అంటే విద్యుత్ సరఫరా. యాంత్రికశాస్త్రంలో ‘పవర్’ అంటే పని జరిగే రేటు, వాట్లలో. కళ్లద్దాల ‘పవర్’ మూడోది, కటక సామర్థ్యం, డయాప్టర్లలో. పదో తరగతిలో ఈ చివరి రెండూ ఎదురవుతాయి.

‘వర్క్’ మరీ మోసం చేస్తుంది. యాభై కిలోల బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడ్డ మనిషికి చెమట కారుతుంది, కానీ స్థానభ్రంశం లేదు కాబట్టి భౌతికశాస్త్రం లెక్కలో బస్తా మీద జరిగిన పని సున్నా. ‘సొల్యూషన్’ లెక్కల్లో సాధన, రసాయనశాస్త్రంలో ద్రావణం. ‘బేస్’ త్రిభుజానికి భూమి, రసాయనానికి క్షారం. ‘కండక్టర్’ బస్సులో టిక్కెట్లిచ్చే ఆయన, పుస్తకంలో రాగి తీగ. ‘టిష్యూ’ చేతులు తుడుచుకునే కాగితం, కణజాలం కూడా.

తెలుగు వైపు నుంచి వచ్చే చిక్కులు కూడా ఉన్నాయి. తెలుగులో ‘కణం’ అనే ఒక్క మాట జీవశాస్త్రంలో ‘సెల్’కీ, భౌతికశాస్త్రంలో ‘పార్టికల్’కీ వాడతాం. పాఠ్యపుస్తకంలో ‘మాలిక్యూల్’ అంటే అణువు, ‘ఆటమ్’ అంటే పరమాణువు. పత్రికల్లో మాత్రం ‘అణుబాంబు’, ‘అణు విద్యుత్’ అని చదువుతాం. అందుకే పిల్లలు ఈ రెండింటినీ తారుమారు చేస్తారు. వాళ్ల తెలివి లోపం కాదది.

నోటుబుక్కులో వీటికోసం నాలుగు పేజీలు విడిగా ఉంచండి. మాట, ఇంట్లో దాని అర్థం, సైన్స్‌లో దాని అర్థం, మూడూ ఒకే వరుసలో.

పెద్ద పెద్ద పేర్లు ఎలా గుర్తుంటాయి?

విడగొడితే గుర్తుంటాయి. తెలుగులో సమాసాన్ని విడదీయడం మనకు అలవాటే. కిరణజన్య సంయోగక్రియ: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. ‘ఫోటోసింథసిస్’ కూడా అంతే, ‘ఫోటో’ వెలుతురు, ‘సింథసిస్’ కలిపి తయారుచేయడం. గ్రీకు, లాటిన్ ముక్కలు ఓ ముప్పై తెలిస్తే వందల మాటలు విచ్చుకుంటాయి. ‘థర్మో’ వేడి, ‘హైడ్రో’ నీరు, ‘బయో’ జీవం, ‘మైక్రో’ సూక్ష్మం, ‘మీటర్’ కొలిచేది, ‘లిసిస్’ విడగొట్టడం. ఇక ‘ఎలక్ట్రాలిసిస్’ విద్యుత్తుతో విడగొట్టడం అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అయితే ముక్కల అర్థం దారి చూపుతుందే తప్ప నిర్వచనం కాదు. ‘ఆటమ్’ అంటే గ్రీకులో విడగొట్టలేనిది. పరమాణువులో ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఉంటాయని ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

ఇలాంటి మాటలకు బహువచనం కూడా వింతగా ఉంటుంది. ‘బాక్టీరియా’ బహువచనం, ఒక్కటైతే ‘బాక్టీరియమ్’. ‘స్టోమా’ ఒకటి, ‘స్టొమాటా’ అనేకం. ‘న్యూక్లియస్’కు ‘న్యూక్లియై’. ‘బాక్టీరియా ఈజ్’ అని రాస్తే తప్పు, ‘బాక్టీరియా ఆర్’.

వాక్యం పొడవైతే మధ్యలో తప్పిపోతున్నాను.

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది, ఇంగ్లిష్‌లో కర్త తర్వాత వెంటనే వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. అసలు తికమక పెట్టేది ఇంకొకటి. తెలుగులో విశేషణం ఎంత పొడవైనా నామవాచకానికి ముందే వస్తుంది: ‘ఎడమ జఠరిక నుంచి బయలుదేరిన రక్తం బృహద్ధమనిలోకి ప్రవేశిస్తుంది.’ ఇంగ్లిష్‌లో రక్తం ముందు, దాని వివరం తర్వాత: ‘ది బ్లడ్ దట్ లీవ్స్ ది లెఫ్ట్ వెంట్రికిల్ ఎంటర్స్ ది అయోర్టా.’ ఇందులో రెండు క్రియలున్నాయి, ‘లీవ్స్’, ‘ఎంటర్స్’. మొదటిదే అసలు క్రియ అనుకుంటే వాక్యం చేజారుతుంది.

మందు ఏమిటంటే, ‘దట్’, ‘విచ్’, ‘హూ’ కనబడగానే అక్కడ సగం బ్రాకెట్ గీయండి. ఆ వివరం ఎక్కడ ముగుస్తుందో అక్కడ బ్రాకెట్ మూయండి. బ్రాకెట్‌లోనిది వదిలేసి మిగిలింది చదవండి: ‘ది బ్లడ్ ఎంటర్స్ ది అయోర్టా.’ ముందు ఇది అర్థమైతే తర్వాత లోపలిది కలుపుకోవచ్చు. ఇరవై వాక్యాలకు ఇలా గీస్తే ఆ తర్వాత పెన్సిల్ అవసరం ఉండదు.

ఇంకొకటి కర్మణి వాక్యం. ‘కార్బన్ డయాక్సైడ్ ఈజ్ అబ్జార్బ్డ్ బై లీవ్స్’ అన్నదాన్ని ‘ఆకులచే కార్బన్ డయాక్సైడ్ శోషించబడుతుంది’ అని మనసులో అనువదించుకుంటే అది తెలుగూ కాదు, అర్థమూ కాదు. ‘ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి’ అనుకోండి. ‘బడు’ లేకుండా చెప్పగలిగారంటే మీకు వాక్యం నిజంగా అర్థమైనట్టే.

‘అన్‌లెస్’, ‘ఆల్దో’, ‘వేరాజ్’ లాంటివి ఎప్పుడూ గందరగోళమే.

వీటికి చక్కని తెలుగు ఉంది, అది దొరికితే గందరగోళం పోతుంది. ‘అన్‌లెస్’ అంటే మన ‘తప్ప’. ‘ఐరన్ డజ్ నాట్ రస్ట్ అన్‌లెస్ బోత్ ఎయిర్ అండ్ వాటర్ ఆర్ ప్రెజెంట్’: గాలి, నీరు రెండూ ఉంటే తప్ప ఇనుము తుప్పు పట్టదు. ‘ఆల్దో’ అంటే ‘అయినా’. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగా ఉన్నా పాదరసం లోహమే. ‘వేరాజ్’ రెండింటిని ఎదురెదురుగా నిలబెడుతుంది: ధమనులు గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్తాయి, సిరలేమో గుండెకు తెస్తాయి. ఆ ‘ఏమో’యే ‘వేరాజ్’.

‘సిన్స్’తో జాగ్రత్త. ఒకచోట ‘నుంచి’, ఇంకోచోట ‘కాబట్టి’. పక్కన సంవత్సరమో తేదీయో ఉంటే మొదటిది.

జవాబు తెలిసినా పరీక్షలో మార్కులు పోతున్నాయి.

ప్రశ్నలోని మొదటి మాట చూడండి. ‘డిఫైన్’ అంటే ఒకటి రెండు వాక్యాల నిర్వచనం, ఉదాహరణలు అడగలేదు. ‘ఎక్స్‌ప్లెయిన్’ అంటే ‘బికాజ్’ ఎక్కడో ఒకచోట రావాలి. ‘డిస్టింగ్విష్’ అంటే తేడాలు, ఒక్కో అంశానికి రెండు వైపులా రాయాలి. ఒకదాని గురించి పేజీ నింపి రెండోది వదిలేస్తే సగమే. ‘జస్టిఫై’ అంటే ముందు మీ నిర్ణయం, తర్వాత ఆధారం. ‘ప్రిడిక్ట్’ అంటే ప్రయోగం చేస్తే ఏమవుతుందో చెప్పడం, అందుకే ‘విల్’ వాడాలి. పాత ప్రశ్నపత్రాలు ఐదు తీసుకుని జవాబులు రాయకుండా ఈ మొదటి మాటలకు మాత్రమే గుండ్రం చుట్టండి. గంట పని.

ద్విభాషా పాఠ్యపుస్తకం ఉంది. దాన్ని ఎలా వాడాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు బడుల్లోకి వచ్చాయి. ఇంతకన్నా మంచి సాధనం డబ్బు పెట్టినా దొరకదు. కానీ తెరిచి పెడితే కన్ను తెలుగు వైపే పోతుంది, ఇంగ్లిష్ పేజీ బొమ్మగా మిగిలిపోతుంది.

తెలుగు పేజీ ముందు చదవండి. తర్వాత దాన్ని అట్టముక్కతో పూర్తిగా మూసి ఇంగ్లిష్ చదవండి. అర్థం కాని వాక్యానికి పెన్సిల్ చుక్క పెట్టండి కానీ అట్ట ఎత్తకండి. పేరా పూర్తయ్యాకే అట్ట ఎత్తి, చుక్క పెట్టిన వాక్యాలను మాత్రం సరిచూసుకోండి. రెండు నెలల తర్వాత వరుస తిప్పండి, ఇంగ్లిష్ ముందు, తెలుగు తర్వాత.

పాఠ్యపుస్తకం కాక ఇంకేం చదవాలి?

ఇంట్లో ఉన్నవి ముందు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తీసుకోండి. మొత్తం పొడిని 1 లీటరు తాగే నీళ్లలో కలపాలనీ, కలిపిన నీళ్లు 24 గంటల్లోపు వాడాలనీ ఆజ్ఞార్థక వాక్యాల్లో ఉంటుంది: ‘డిజాల్వ్’, ‘యూజ్’, ‘డిస్కార్డ్’. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఆ పొడిలో సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. ఇది రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఇంగ్లిష్ కలిసిన పాఠం. సగం పొడి సగం గ్లాసులో కలిపితే ఎందుకు ప్రమాదమో పిల్లలు రాయగలిగితే ఆ పాఠం వచ్చినట్టే.

పురుగుమందు డబ్బా ఖాళీది కూడా తాకనివ్వకండి. లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసి చదివించండి. దాని మీది త్రికోణం రంగు విష తీవ్రతను చెబుతుంది: ఎరుపు అత్యంత తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. రైతు ఇంటి పిల్లవాడికి ‘టాక్సిక్’, ‘యాంటిడోట్’ అనే మాటలు ఇంతకన్నా బాగా ఎక్కడా అర్థం కావు. కరెంటు బిల్లు, మాత్రల అట్ట మీది ‘స్టోర్ బిలో’, ‘ప్రొటెక్ట్ ఫ్రమ్ లైట్’ కూడా ఇలాంటివే.

తర్వాత మన నేల సంగతులు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టడం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీ మీద చేసిన పని. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం కలిపి, తేర్చి, వడగట్టే ‘నల్గొండ టెక్నిక్’. తెలుగులో సగం విన్న సంగతులు కాబట్టి ఇంగ్లిష్‌లో చదివేటప్పుడు పట్టు దొరుకుతుంది.

ఇంటర్నెట్‌లో అయితే సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా. మామూలు వికీపీడియా వ్యాసం పొడవు వాక్యాలతో ఉంటుంది, ఇక్కడ చిన్నవి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో సైన్స్ పుస్తకాలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి, వాటిలో చాలా పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతాయి.

చదువుతాను కానీ పైకి పలకాలంటే భయం.

అక్షరాలను బట్టి పలకబోతే తప్పులు వచ్చే మాటలు సైన్స్‌లో చాలా ఉన్నాయి. ‘మజిల్’లో సి పలకదు. ‘టిష్యూ’, ‘స్టమక్’, ‘మెజర్’ కూడా రాసినట్టు పలకవు. ఒకటి రెండు చూస్తే చాలు, మిగతావి డిక్షనరీ యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి వినండి.

తెలుగువాళ్లు పట్టించుకోనిది ఊనిక. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒకటి గట్టిగా, మిగతావి తేలిగ్గా. ‘ఎలక్ట్రిక్’లో ‘లెక్’ మీద, ‘ఎలక్ట్రిసిటీ’లో ‘ట్రి’ మీద, ‘ఫోటోసింథసిస్’లో ‘సిన్’ మీద ఊనిక. నోటుబుక్కులో ఆ అక్షరం కింద గీత పెట్టుకోండి. రోజూ ఒకే పేరాను మూడుసార్లు పైకి చదవండి, మూడోసారి ఫోనులో రికార్డు చేసి వినండి.

అనువాద యాప్‌లు, ఏఐ వాడవచ్చా?

మీ ఊహ రాసుకున్న తర్వాత సరిచూసుకోవడానికి వాడండి. ముందే వాడితే చదివింది యంత్రం అవుతుంది, మీరు కాదు. ఒంటరి మాటను ఇవ్వకండి, పూర్తి వాక్యం ఇవ్వండి. ‘సెల్’ అని మాత్రమే ఇస్తే ఫోనో, జైలు గదో రావచ్చు. పేరాను సులువు ఇంగ్లిష్‌లో తిరగరాయమని అడగడం తెలుగులోకి మార్చమనడం కన్నా మేలు. అంకెలు, ప్రమాణాలు మాత్రం తప్పకుండా పుస్తకంతో పోల్చి చూసుకోండి.

యాభైమంది ఉన్న తరగతిలో, 40 నిమిషాల పీరియడ్‌లో ఇది సాధ్యమేనా?

సాధ్యమే, ఒక్క పేరాకు కట్టుబడితే. మొదటి 5 నిమిషాలు తెలుగులో ప్రశ్న, పిల్లల ఊహలు బోర్డు మీద. 8 నిమిషాలు మౌనంగా చదవడం. 10 నిమిషాలు పక్కవాళ్లతో జంటగా, ‘ఇట్’, ‘దీజ్’, ‘దిస్ ప్రాసెస్’ అన్నవి దేన్ని సూచిస్తున్నాయో బాణాలు గీయడం. 10 నిమిషాలు పేరాను బొమ్మగానో, పట్టికగానో, బాణాల వరుసగానో మార్చడం. చివరి 7 నిమిషాలు బొమ్మ చూస్తూ రెండు వాక్యాలు రాయడం.

ఎక్కువగా దెబ్బతినేది రెండో అంచె. ఒక పిల్లవాడిని లేపి పైకి చదివించి, టీచర్ వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పేస్తే మిగతా 49 మంది తెలుగు పాఠమే వింటారు. మౌనంగా గడిచే ఆ 8 నిమిషాలు టీచర్‌కు కష్టంగానే ఉంటాయి, అయినా ఓర్చుకోవాలి. దిద్దేటప్పుడు యాభై పుస్తకాల్లో ప్రతి తప్పూ ఎర్రగీత పెట్టక్కర్లేదు. వారానికి ఒక్క అంశం చాలు: ఈ వారం బహువచనం, వచ్చే వారం ‘ది’.

ఇంట్లో మాకెవరికీ ఇంగ్లిష్ రాదు. మేమేం చేయగలం?

రాత్రి భోజనాల దగ్గర ‘ఇవాళ ఏం చదివావురా, తెలుగులో చెప్పు’ అని అడగండి. చెప్పింది మీకు అర్థం కాకపోతే ‘అదెందుకలా?’ అని మళ్లీ అడగండి. అర్థం కాకుండా బట్టీపట్టింది ఈ రెండో ప్రశ్న దగ్గర బయటపడుతుంది. వంట, పొలం, మగ్గం, కుమ్మరి ఆవం గురించి మీకు తెలిసింది పిల్లలకు తెలియదు. పులియబెట్టడం, ఎరువు వేయడం, రంగు అద్దడం, ఇవన్నీ వాళ్ల పుస్తకంలో ఇంగ్లిష్‌లో ఉన్న సంగతులే.

ఎన్నాళ్లకు ఫలితం కనబడుతుంది?

ఎవరికి వారు కొలుచుకోవాలి. నెల మొదటి రోజు ఇదివరకు చూడని 200 మాటల పాఠం తీసుకుని, చదవడానికి పట్టిన సమయం, గీత పెట్టిన మాటల సంఖ్య, మూసి రాయగలిగిన విషయాల సంఖ్య, ఈ మూడూ ఒక పేజీలో రాయండి. వచ్చే నెల అదే స్థాయి పాఠంతో మళ్లీ. ముందుగా మెరుగుపడేది మూడోది. వేగం ఆలస్యంగా వస్తుంది, దానికోసం తొందరపడితే అర్థం జారిపోతుంది.

పరీక్షలప్పుడు వారం పది రోజులు మానేస్తే కొత్త పేరాతో మొదలుపెట్టకండి. ఆపిన చోటికన్నా మూడు పేరాలు వెనక్కి వెళ్లి, వాటిని ఒక్కసారి పైకి చదివి, అక్కడినుంచి ముందుకు రండి.